గని బాగుంటే ఊరు బాగున్నట్టేనా?

"గని ఉంది కదా, ఆ ఊరికేం ఢోకా?" ఎస్టర్‌హేజీ ప్రస్తావన వస్తే చాలు, రెజైనాలో మా తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఇక్కడి రాజకీయ నాయకులైతే మైకు పెట్టించుకుని మరీ అంటారు. వినడానికి నిజంలాగే ఉంటుంది. కెనడాలో, రెజైనా రాజధానిగా ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో, మానిటోబా సరిహద్దుకు దగ్గరగా, గోధుమ, కనోలా పొలాల మధ్యలో ఉన్న ఊరు అది. దాని పక్కనే ప్రపంచంలోని అతిపెద్ద పొటాష్ గనుల్లో ఒకటి ఉంది. తమది ప్రపంచ పొటాష్ రాజధాని అని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఆ గని నడిపే మొజాయిక్ కంపెనీ ఈమధ్యే వందల కోట్ల డాలర్లు పోసి అక్కడ కొత్త బావులు తవ్వింది. అంత జరిగిన అయిదేళ్ళలో ఊరి జనాభా పెరగాలి కదా? 2016 లెక్కల్లో 2,500 ఉన్నది 2021కి అంతకన్నా తగ్గింది.

ఈ లెక్క నన్ను చాలాకాలంగా సతాయిస్తోంది. గని బాగుండటం వేరు, ఊరు బాగుండటం వేరు అని నాకు నమ్మకం కుదిరింది. ఒకప్పుడు ఆ రెండిటినీ కలిపి ఉంచింది జీతం. గనిలో పెద్ద సంఖ్యలో మనుషులు కావాలి, ఆ మనుషులు దగ్గర్లోనే కాపురం ఉండాలి, వాళ్ళ డబ్బు ఆ ఊరి కొట్లలోనే ఖర్చవ్వాలి. ఈ మూడూ ఉన్నంతకాలం టన్నుల లెక్క చూసి ఊరి బాగోగులు చెప్పేయొచ్చు. ఇప్పుడు ఆ మూడూ ఒక్కొక్కటిగా సడలుతున్నాయి. మనం మాత్రం ఇంకా టన్నులే లెక్కపెడుతున్నాం.

నేను వ్యవసాయ యంత్రాల విడిభాగాల వ్యాపారంలో పనిచేస్తాను. రాష్ట్రంలోని చిన్న ఊళ్ళన్నీ తిరగడం నా ఉద్యోగంలో భాగం. పైగా మాది ఖమ్మం వైపు. నాన్న వ్యవసాయం, బాబాయి సింగరేణిలో బాయి పని. ఒకే ఇంట్లో ఒకరు వాన కోసం చూస్తుంటే ఇంకొకరు మస్టర్ కోసం చూడటం చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అందుకేనేమో, మిగతా ఊళ్ళ కంటే ఎస్టర్‌హేజీలో నాకు కాస్త ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

ఊరి పుట్టుక కథే ఓ విచిత్రం. 1886లో పాల్ ఎస్టర్‌హేజీ అనే ఆయన కొన్ని హంగేరియన్ కుటుంబాలను వెంటబెట్టుకొచ్చి ఇక్కడ దింపాడు. తనను తాను కౌంట్ అని, హంగేరీలోని గొప్ప ఎస్టర్‌హేజీ వంశంవాడినని చెప్పుకునేవాడు. ఆ వంశంవాళ్ళు ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి. ఆయన తెచ్చిన ఆ మనుషులు హంగేరీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కారు. అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు. గని చీకట్లోంచి బయటపడి సొంత నేల దున్నుకోవచ్చనే ఆశతో వచ్చారు. ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు, పది డాలర్ల రుసుము, అదీ అప్పటి చట్టం. తొలి చలికాలానికే చాలామంది చేతులెత్తేశారు. తర్వాత వచ్చినవాళ్ళు నిలదొక్కుకున్నారు. ఊరికి కాస్త దూరంలో కపోష్వార్ అనే చోట పొలాల్లో ఏరిన రాళ్ళతో కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది. ఏటా ఆగస్టులో అక్కడికి యాత్రగా వెళతారు. రైలు వచ్చాక 1900ల తొలినాళ్ళలో కట్టిన చెక్క పిండిమిల్లు కూడా చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు.

ఆ 160 ఎకరాలు ఎవరివి అని అడిగితే సమాధానం 1874 నాటి నాలుగో ఒప్పందంలో ఉంది. క్రీ, సోల్టో తదితర మూలవాసులతో రాణి పేరున చేసుకున్న ఒప్పందం అది. వాళ్ళకు మిగిలిన రిజర్వులు దక్షిణాన కపెల్ లోయ పొడుగునా ఉన్నాయి. ఊరికి "మొదటి కుటుంబాలు" అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది.

బొగ్గు గని వద్దని పారిపోయి వచ్చినవాళ్ళ మనవల కాళ్ళ కింద, ఓ కిలోమీటరు లోతులో, పొటాష్ ఉందని తేలింది. 1940లలో చమురు కోసం బోర్లు వేస్తుంటే రాష్ట్రంలో పొటాష్ జాడ దొరికింది. కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రపు ఉప్పు అది. ఉందని తెలియడం ఒక ఎత్తు, దాన్ని అందుకోవడం ఇంకో ఎత్తు. మధ్యలో, సుమారు 400 మీటర్ల లోతున, బ్లెయిర్‌మోర్ అని ఒక పొర ఉంది. ఇసుక, విపరీతమైన ఒత్తిడితో ఉన్న నీళ్ళు. బావి తవ్వుకుంటూ వెళ్ళి దాన్ని ముట్టుకున్నారంటే నీళ్ళూ ఇసుకా కలిసి బావిలోకి ఉరికొస్తాయి. యూనిటీ అనే ఊరి దగ్గర అంతకుముందు మొదలుపెట్టిన గని నీళ్ళ వల్లే పోయింది. సస్కటూన్ దగ్గర పేషెన్స్ లేక్ గని 1958లో మొదలై 1959లోనే నీళ్ళతో మూతపడింది.

ఎస్టర్‌హేజీ దగ్గర 1957లో ఐఎంసీ అనే అమెరికన్ కంపెనీ పని మొదలుపెట్టింది. ఆ నీటి ఇసుక పొరను ముందు గడ్డకట్టించారు. బావి చుట్టూ గొట్టాలు దించి, వాటిలో అతిశీతల ద్రవం తిప్పి, భూమి లోపల మంచుగోడ తయారుచేశారు. అది కరిగేలోపు మధ్యలో తవ్వి, ఇనుప వలయాలు ఒకదాని మీద ఒకటి బిగించుకుంటూ కిందికి దిగారు. పోతపోసిన భారీ వలయాలవి. మన దగ్గర నేల బావికి ఒరలు దించుతారే, చూడటానికి అలాంటి పనే, కాకపోతే నాలుగు వందల మీటర్ల కింద. అయిదేళ్ళు పట్టింది. 1962లో, వుడ్రో లాయిడ్ ముఖ్యమంత్రిగా ఉండగా, కే1 గని ప్రారంభమైంది. 1967లో కే2 వచ్చింది. 1970లలో ముఖ్యమంత్రి బ్లేకెనీ ప్రభుత్వం రాష్ట్రంలోని పొటాష్ గనుల్లో కొన్నిటిని కొనేసి ప్రభుత్వ కంపెనీ పెట్టింది, 1989లో తర్వాతి ప్రభుత్వం దాన్ని ప్రైవేటుకు అమ్మింది. ఎస్టర్‌హేజీ మాత్రం ఐఎంసీ చేతుల్లోనే ఉండిపోయింది. 2004లో ఐఎంసీ, కార్గిల్ వారి ఎరువుల విభాగం కలిసి మొజాయిక్ అయ్యాయి.

నీళ్ళు మాత్రం పగబట్టినట్టు వదల్లేదు. 1985 డిసెంబరులో కే2లోకి ఉప్పునీరు ఊరడం మొదలైంది. పొటాష్ నీటిలో కరిగిపోతుంది కాబట్టి, బొగ్గు గనిలో నీళ్ళకూ ఇక్కడి నీళ్ళకూ చాలా తేడా. ఇక్కడ వచ్చే ప్రతి చుక్కా తన దారిని తానే వెడల్పు చేసుకుంటుంది. సిమెంటు కూరారు, పంపులు పెట్టి తోడారు. అలా మూడున్నర దశాబ్దాలు తోడుతూనే గని నడిపారు. ఆ ఖర్చు భరించలేకే కే3 అనే కొత్త గని తవ్వడం మొదలెట్టారు. 2021 జూన్‌లో నీళ్ళ ఉరవడి పెరగడంతో కే1, కే2 బావులను అనుకున్న సమయానికంటే ముందే మూసేశారు.

అప్పుడు పేపర్లు చూసి ఊరు పోయిందనుకున్నవాళ్ళున్నారు. పోలేదు. జనం కే3కి మారారు. గనులు మూతపడితే ఊళ్ళు చస్తాయి అనే పాత కథ ఇక్కడ పనిచేయలేదు. అందుకే నాకు ఈ ఊరు ముఖ్యం. గని మూతపడకుండా, ఖనిజం అయిపోకుండా, కంపెనీ పారిపోకుండా, అన్నీ సవ్యంగా జరుగుతూ ఉండగానే ఊరు ఎలా పలచబడుతుందో ఇక్కడ చూడొచ్చు.

ఒక రోజు, మంచుగడ్డ మీద ఆడే కర్లింగ్ ఆట రింకు దగ్గర కాఫీ తాగుతూ ఓ పెద్దాయనతో మాట కలిసింది. గనిలో ముప్పై ఏళ్ళ పైన చేసి రిటైరయ్యాడు. అయిదు క్వార్టర్లు, అంటే 800 ఎకరాల సొంత పొలం. మన లెక్కలో జమీందారు, ఇక్కడి లెక్కలో చిన్న రైతు. వాళ్ళ నాన్నను కూడా అరవైల్లో గనిలోకి తీసుకున్నారట. కంపెనీకి రైతుబిడ్డలంటే ఇష్టం, ఎందుకంటే యంత్రం ఆగిపోతే మెకానిక్ కోసం ఎదురుచూడకుండా వాళ్ళే చెయ్యి పెట్టేస్తారు. "గని జీతం వచ్చాకే మా ఇంట్లో నీళ్ళ కుళాయి, లోపల బాత్రూమూ వచ్చాయండీ" అన్నాడు. పన్నెండు గంటల షిఫ్టులు కొన్ని రోజులు చేస్తే వరసగా కొన్ని రోజులు సెలవు. ఆ సెలవుల్లోనే విత్తనాలు, ఆ సెలవుల్లోనే కోతలు. సెలవులు కుదరకపోతే తోటి కార్మికుడు షిఫ్టు మార్చుకునేవాడు, ఎందుకంటే వాడికీ పొలం ఉంది.

ఈ ఏర్పాటులో ఒక తెలివి ఉంది, దాన్ని ఎవరూ ప్లాన్ చేయలేదు. గోధుమ ధర పడిపోయిన ఏడాది గని జీతం పొలాన్ని కాపాడేది. పొటాష్ ధర పడి లేఆఫ్ ఇచ్చిన నెలల్లో పొలం ఇంటిని కాపాడేది. రెండు ధరలూ ప్రతిసారీ ఒకేసారి పడవు. ఒట్టి వ్యవసాయం మీద ఆధారపడ్డ పక్క ఊళ్ళు ఖాళీ అవుతుంటే ఎస్టర్‌హేజీ నిలబడింది అందుకే. 1993లో రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి 52 పల్లె ఆసుపత్రులను ఎత్తేసింది. ఈ ఊరి ఆసుపత్రి మిగిలింది. ధాన్యం రవాణాకు రైల్వేల పాత రాయితీ ధరను 1995లో ఎత్తేశాక చిన్న రైలు లైన్లు పీకేశారు, లైన్లతోపాటు ఊరికొకటి ఉండే, ధాన్యం నిల్వచేసే చెక్క ఎలివేటర్లూ పోయాయి. గని ఉన్న ఊరికి రైలు ఉండక తప్పదు. అలా గని పుణ్యాన ఎన్నో నిలిచాయి, కాదనను.

అయితే ఆ పెద్దాయన పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడిగాను. కౌలుకిచ్చాడట. కౌలుదారు వేల ఎకరాల ఆసామి, ఉండేది నలభై మైళ్ళ అవతల. విత్తనం, మందులు, డీజిలు అన్నీ అక్కడి నుంచే లారీల్లో వస్తాయి, పని కాగానే యంత్రాలు వెళ్ళిపోతాయి. మరి గనిలో ఆయన స్థానంలోకి వచ్చిన కుర్రాడు? యార్క్‌టన్‌లో ఉంటాడు. షిఫ్టుల రోజుల్లో ఎనభై కిలోమీటర్ల పైన కారేసుకుని వస్తాడు. భార్య ఉద్యోగం అక్కడే, పిల్లల హాకీ అక్కడే, పెద్ద కొట్లూ అక్కడే. అంటే ఊరికి ఒక మనిషి రిటైరయ్యాడు, అతని రెండు పనులూ ఊరి బయటికి వెళ్ళాయి. పొలంలో పంట తగ్గలేదు, గనిలో ఉత్పత్తి తగ్గలేదు. ఊళ్ళో ఒక కుటుంబం తగ్గింది.

ఇది ఒక్క పెద్దాయన కథ అయితే వ్యాసం రాయనక్కర్లేదు. సస్కాచెవాన్‌లో 1936లో దాదాపు 1,42,000 వ్యవసాయ కమతాలు ఉండేవి. 2021కి 34,000 మిగిలాయి. సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. సాగుభూమి ఎక్కడికీ పోలేదు, సాగు చేసే చేతులే పోయాయి. ఇప్పుడు అదే పని గనిలో జరుగుతోంది. కే3లో తవ్వే యంత్రాల్ని పైన గదిలో తెరల ముందు కూర్చుని నడపడం మొదలైంది. నిజానికి భూగర్భంలో కూర్చుని నడిపినా, భూమి మీద కూర్చుని నడిపినా యంత్రానికి తేడా లేదు. తేడా అంతా ఊరికే.

ఇక్కడ నన్ను చాలామంది పట్టుకుంటారు. "గనిలోకి మనుషులు దిగకపోవడం మంచిదే కదా? మీ బాబాయిని అడుగు" అంటారు. నిజమే. బాబాయి దగ్గు నాకు గుర్తే. ఈ విషయంలో ఎస్టర్‌హేజీకి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 2006 జనవరి 29, ఆదివారం తెల్లవారుజామున భూగర్భంలో ప్లాస్టిక్ గొట్టాలకు నిప్పంటుకుంది. లోపల 72 మంది ఉన్నారు. సొరంగాల నిండా విషపు పొగ. వాళ్ళు బయటికి పరుగెత్తలేదు. దారిలో అక్కడక్కడ ముందే కట్టి ఉంచిన రక్షణ గదుల్లోకి వెళ్ళి తలుపులు మూసి సందులు పూడ్చుకున్నారు. ఒకరోజుకు పైగా సరిపోయే ఆక్సిజన్, నీళ్ళు, తిండి అక్కడ సిద్ధంగా ఉన్నాయి. పైన కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో ఊహించుకోవచ్చు, ఎందుకంటే ఆ నెల మొదట్లోనే అమెరికాలో సాగో బొగ్గు గనిలో 12 మంది చనిపోయారు. ఇక్కడ ఒక రోజు గడిచాక 72 మందీ నడుచుకుంటూ బయటికొచ్చారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ప్రమాదాన్ని ముందే ఊహించి, డబ్బు ఖర్చుపెట్టి, గది కట్టి, తాళం ఎక్కడుందో అందరికీ నేర్పి ఉంచితే ఏం జరుగుతుందో ఆ రోజు ప్రపంచమంతా చూసింది.

కాబట్టి యంత్రాలు వద్దు, మనుషుల్నే దింపండి అని నేననను. అలా అనే హక్కు భూమ్మీద కూర్చున్న నాకు లేదు. నేను అడిగేది ఒకటే. ప్రాణాల విషయంలో ముందుచూపు ఉన్నవాళ్ళకు ఊరి విషయంలో అది ఎందుకు లేదు? మనుషులు తగ్గుతారని కంపెనీకి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు. ఎన్నేళ్ళలో ఎంతమంది తగ్గుతారో కాగితాల మీద లెక్క ఉంటుంది. ఆ లెక్క పక్కన ఊరి బడికి, ఆసుపత్రికి ఏం జరుగుతుందన్న లెక్క ఉండదు.

సింగరేణి చూసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. 1990ల మొదట్లో అక్కడ లక్షా 16 వేల మంది కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. బొగ్గు మాత్రం అప్పటికి దాదాపు నాలుగు రెట్లు తీస్తున్నారు. ఇల్లెందు, బెల్లంపల్లి బజార్లలో నడిస్తే ఈ రెండు అంకెల మధ్య ఏముందో కళ్ళకు కనిపిస్తుంది. వారసత్వ ఉద్యోగాల కోసం అన్నేళ్ళు అంత పోరాటం ఎందుకు జరిగిందో బయటివాళ్ళకు అర్థం కాదు. అది కొలువు మీద మోజు కాదు. గనికీ ఊరికీ మధ్య మిగిలిన ఆఖరి తాడు అదే కాబట్టి.

ఎస్టర్‌హేజీ బాగోగులకు మన పొలాలతో కూడా లంకె ఉంది. ఈ సంగతి చెబితే ఇక్కడివాళ్ళు కూడా ఆశ్చర్యపోతారు. సస్కాచెవాన్ నేలల్లో సహజంగానే పొటాష్ దండిగా ఉంటుంది. పొటాష్ గని పక్కనే పొలం ఉన్న రైతు కూడా తన గోధుమకు పొటాష్ వేయాల్సిన అవసరం పెద్దగా ఉండదు. తవ్వినదాంట్లో అత్యధిక భాగం రైలెక్కి దేశం దాటుతుంది. కొంత అమెరికాకు పోతుంది, చాలాభాగం వాంకూవర్ లాంటి రేవుల్లో ఓడలెక్కుతుంది. సస్కటూన్‌లోని కాన్‌పొటెక్స్ అనే సంస్థ విదేశాలకు అమ్ముతుంది. భారతదేశంలో పొటాష్ గనులు లేవు, వాడేది దాదాపు అంతా దిగుమతే. విశాఖ, కాకినాడ రేవుల్లో దిగి, అరవై శాతం పొటాష్ అని రాసున్న బస్తాల్లో మన మండలాలకు చేరుతుంది. వరి అంకురం దశలో నాన్న యూరియాలో కలిపి చల్లే ఆ ఎర్రటి పలుకులు ఎక్కడివో అప్పట్లో ఎవరికి తెలుసు? చేతి మీద గీరుకున్న చోట పడితే చురుక్కుమనేది. ఎస్టర్‌హేజీలో ఒకాయన నాకు గని రాయి ముక్క ఒకటి ఇచ్చాడు. అదే ఎరుపు, కాస్త గులాబీ కలిసిన ఎరుపు. నాలుక కొసకు తాకించి చూశాను. ముందు ఉప్పగా, వెంటనే చేదుగా ఉంది.

2010 ఏప్రిల్లో ఢిల్లీలో ఎరువుల సబ్సిడీ పద్ధతి మార్చారు. యూరియా ధర అలాగే కట్టిపడేసి, పొటాష్, ఫాస్ఫేట్ ధరల్ని వదిలేశారు. అప్పటిదాకా టన్ను 4,455 రూపాయలున్న పొటాష్ రెండు మూడేళ్ళలో 16 వేలు దాటింది. రైతు ఏం చేస్తాడు? పొటాష్ మానేసి చవకగా దొరికే యూరియా ఇంకో బస్తా వేశాడు. దేశంలో పొటాష్ వాడకం దాదాపు సగానికి పడిపోయింది. 2013లో ఒక పెద్ద రష్యన్ కంపెనీ తమ అమ్మకాల కూటమి నుంచి బయటికి రావడంతో ప్రపంచ ధరలు కూలాయి. ఆ డిసెంబరులో ఎస్టర్‌హేజీ గని వాళ్ళ పోటీ కంపెనీ పొటాష్‌కార్ప్ వెయ్యికి పైగా ఉద్యోగాలు తీసేసింది. ఇండియా, చైనాల్లో గిరాకీ తగ్గడం ఒక కారణమని వాళ్ళే చెప్పారు. ఢిల్లీలో ఒక జీవో, సస్కాచెవాన్‌లోని ఓ గని ఊళ్ళో ఒక ఇంటి వాయిదా, ఈ రెండిటికీ సంబంధం ఉందని అటువైపు తెలియదు, ఇటువైపు తెలియదు.

పప్పుల సంగతీ అంతే. మన దేశం దిగుమతి చేసుకునే మైసూరు పప్పులో పెద్ద వాటా ఈ రాష్ట్రానిది. 2017 చివర్లో ఇండియా బఠాణీల మీద 50 శాతం, మైసూరు పప్పు మీద 30 శాతం సుంకం వేసినప్పుడు మా విడిభాగాల కొట్లో ఆర్డర్లు పడిపోయాయి. కొత్త కంబైన్ కొందామనుకున్నవాళ్ళు పాతదానికే బెల్టులు మార్చుకున్నారు. ప్రతి రైతూ నన్ను చూసి "మీవాళ్ళకి ఏమైంది?" అనేవాడు, నేనేదో ఢిల్లీలో సంతకం పెట్టినట్టు.

గని జీతం పోయిన ఏడాది పొలం, పంట పోయిన ఏడాది గని అని ఇందాక అన్నాను కదా. రెండూ ఒక్క ఇంట్లో ఉన్నప్పుడే ఆ కాపుదల పనిచేస్తుంది. పొలం ఒకడిది, గని ఉద్యోగం ఇంకొకడిది, ఇద్దరూ ఊళ్ళో ఉండరు అన్నప్పుడు ఊరికి రెండు వైపులా దెబ్బలే మిగులుతాయి.

మరి ఏం చేయాలంటావ్ అని అడగొచ్చు. ఉపాయం ఆకాశం నుంచి ఊడిపడక్కర్లేదు, సస్కాచెవాన్ చేతుల్లోనే సగం ఉంది. గని భవనాలు, భూమి ఉండేది సాధారణంగా ఊరి హద్దుల బయట, గ్రామీణ మున్సిపాలిటీలో. ఆ పన్ను మొత్తం ఆ ఒక్క మున్సిపాలిటీకే పోకుండా, చుట్టుపక్కల ఊళ్ళకు కూడా పంచే చట్టం ఇక్కడ దశాబ్దాలుగా ఉంది. గని భారం మోసే ఊళ్ళన్నిటికీ గని పన్నులో వాటా ఉండాలన్న సూత్రాన్ని డెబ్బైలలోనే ఒప్పుకున్నారు. మన దగ్గర 2015లో జిల్లా ఖనిజ నిధులు పెట్టిందీ ఇదే ఆలోచనతో. కానీ ఇక్కడ పంచేది ఆస్తి పన్ను మాత్రమే. అసలు డబ్బు, అంటే రాయల్టీ, ఉత్పత్తి పన్ను, నేరుగా రెజైనా ఖజానాకు వెళ్తుంది. రాష్ట్రమంతా ఖర్చవుతుంది, అందులో తప్పులేదు. నా ఇంటి ముందు రోడ్డులో కూడా ఎస్టర్‌హేజీ పొటాష్ ఉంది.

అయితే జీతం ద్వారా ఊరికి వెళ్ళే డబ్బు తగ్గి, లాభం ద్వారా కంపెనీకి, పన్ను ద్వారా రాష్ట్రానికి వెళ్ళే డబ్బు పెరిగినప్పుడు, ఆ పెరిగినదాంట్లోంచి కొంత కచ్చితంగా వెనక్కి పంపాలి. దానంలా కాదు, కర్లింగ్ రింకుకు స్కోరుబోర్డు కొనిచ్చి పక్కన లోగో వేసుకున్నట్టు కాదు. చట్టంలో రాసి, ఏటా ఇంత అని, ఊరివాళ్ళే దేనికి వాడాలో తేల్చుకునేలా. నన్నడిగితే మొదట నర్సులకు, డాక్టర్లకు, తర్వాత అద్దె ఇళ్ళకు వాడమంటాను.

ఎందుకంటే యువ జంటలు ఊరు వదిలేది ఉద్యోగం లేక కాదు. ఇది నేను గట్టిగా చెప్పగలను. ఆ చుట్టుపక్కల ఓ చిన్న ఊళ్ళో మా తెలుగు మిత్రుడొకడు ఫార్మసిస్టుగా చేస్తున్నాడు. మంచి జీతం, రెజైనాలో సగం ధరకు ఇల్లు, మంచుకాలంలో మనం అడక్కముందే వాకిలి ఊడ్చిపెట్టే పొరుగువాళ్ళు. ఒక రాత్రి పిల్లాడికి ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళితే, నర్సులు లేక ఆ రాత్రి ఎమర్జెన్సీ మూసేశామని తలుపు మీద కాగితం. మైనస్ ముప్పైలో, గాలికి రోడ్డు మీద మంచు తెరలు తెరలుగా లేస్తుంటే, ఇంకో ఊరికి డ్రైవ్ చేశాడు. పిల్లాడు బాగానే ఉన్నాడు. వాళ్ళావిడ మాత్రం ఆ మర్నాటి నుంచే రెజైనాలో ఇళ్ళు చూస్తోంది. ఆ జంటను ఆపడానికి ఏ ఉద్యోగ మేళా పనికొస్తుంది?

చిన్న ఊళ్ళు వలస వచ్చినవాళ్ళతో నిండుతున్నాయని సంబరపడేవాళ్ళు ఉన్నారు. నిజంగానే ఈ ప్రెయిరీ మైదానాల ఊళ్ళలో హోటళ్ళు, పెట్రోలు బంకులు, వృద్ధాశ్రమాలు చాలావరకు ఫిలిప్పీన్స్‌వాళ్ళు, మన పంజాబీలు, గుజరాతీల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. 1886లో హంగేరియన్లను తెచ్చారు, ఇప్పుడు మమ్మల్ని తెస్తున్నారు. రప్పించడం ఇక్కడివాళ్ళకు ఎప్పుడూ బాగా వచ్చు. నిలుపుకోవడం దగ్గరే వస్తుంది తంటా. తొలి హంగేరియన్లు ఒక్క చలికాలానికే ఎందుకు వెళ్ళిపోయారో, ఇప్పటివాళ్ళు పర్మనెంట్ రెసిడెన్సీ చేతికి రాగానే కాల్గరీకి ఎందుకు వెళ్ళిపోతున్నారో అడిగితే, కారణాలు మరీ అంత వేరుగా ఉండవు.

ఇప్పుడు సస్కటూన్‌కు తూర్పున జాన్సెన్ దగ్గర బీహెచ్‌పీ కంపెనీ ఇంకో పెద్ద పొటాష్ గని కడుతోంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ స్థలాల మాటలు, బడిలో కొత్త గదుల మాటలు వినిపిస్తున్నాయి. నిర్మాణం జరుగుతున్నంతకాలం వేలమంది ఉంటారు, క్యాంపుల్లో. తర్వాత ఎంతమంది ఉంటారన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియా ఎడారిలోని ఇనుప గనుల్ని ఇదే కంపెనీ వెయ్యి కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న పెర్త్ నగరం నుంచి, ఓ ఆఫీసు భవనంలో కూర్చుని నడుపుతోంది. ఆ ఊళ్ళ కౌన్సిలర్లు కంపెనీవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు ఏటా ఎన్ని టన్నులు తీస్తారని అడగడం మానేసి, కంట్రోల్ రూము ఏ ఊళ్ళో పెడతారని మొదట అడగాలి. సమాధానం కాగితం మీద సంతకంతో తీసుకోవాలి, ఇళ్ళ స్థలాలు ప్లాట్లు చేసేలోపే.